పలుకుబండ మీద పదకొండు బల్లులు

బల్లి పలికితే అది సత్యమని వేళ్ళతో గోడ మీద మూడుసార్లు తట్టే ఇంట్లో పుట్టి, ఆ బల్లుల మీదే డాక్టరేటు చేసింది హైమావతి. "మా అమ్మ తట్టీ తట్టీ గోడ సున్నం రాల్చింది, నేను చదివీ చదివీ కళ్ళు పోగొట్టుకున్నాను" అని మందపాటి కళ్ళజోడు సర్దుకుంటూ నవ్వేది. ఆ బుధవారం పొద్దున్న ఎనిమిది గంటలకి మాత్రం ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఎదురుగా రాళ్ళని నొక్కి పగలగొట్టే యంత్రం ఉంది. విశాఖలో హైమావతి పనిచేసే పరిశోధనశాలలోనే రాళ్ళ బలం చూసి చెప్పే స్నేహితురాలు షంషాద్ది ఆ యంత్రం. యంత్రం దవడల మధ్య నీళ్ళలో నానబెట్టిన నల్లరాయి ఒకటి, దాని మీద గాజుమూత, మూత కింద చిటికెనవేలంత బల్లి. బూడిదరంగు ఒళ్ళు, పసుపు గొంతు. పెట్టె మీద చీటీలో 'హై-11' అని ఉంది. హైమావతి ఎనిమిదేళ్ళ కూతురు లిఖిత మాత్రం దానికి టిక్కయ్య అని పేరు పెట్టింది.

ముప్పావుగంట కిందట షంషాద్ ఒత్తిడి కొంచెం పెంచింది. యంత్రం ముల్లు కదల్లేదు. రాయి మీద గీత పడలేదు. బల్లి మాత్రం నాలుగు కాళ్ళూ బిగించి, గొంతు ఉబ్బించి, "ట్టక్" అంది. కాసేపాగి మళ్ళీ "ట్టక్". తరవాత ఆపకుండా మొదలెట్టింది. ముప్పై ఆరో నిమిషంలో పలుకు ఆపేసి మూతకి అతుక్కుపోయింది. సరిగ్గా రెండు నిమిషాలకి రాయి పెళ్ళున రెండుగా పగిలింది.

"మూడోసారి!" అని షంషాద్ చప్పట్లు కొట్టింది. "ఒసేవ్ హైమా, నా యంత్రానికి తెలియకముందే వీడికి తెలిసిపోతోందే! రాయి లోపల పగులు పుడుతుంటే వింటున్నాడు వీడు!"

అసలు ఈ సంగతి బయటపడిందే చిత్రంగా. పక్కగదిలో షంషాద్ ఎప్పుడు రాయి నొక్కినా ఈ గదిలో బల్లి పలికేది. అంతకుముందే దాని తలని పొరలు పొరలుగా ఫొటో తీసినప్పుడు చెవి లోపల ఆవగింజలో సగం ఉన్న గాజులాంటి ఎముక కనిపించింది. ఏ బల్లికీ లేనిది. రెండూ కలిపి చూద్దామని ఇద్దరూ సరదాపడ్డారు. ఆ సరదా ఇదిగో ఇలా తేలింది.

"మాట్లాడవేమే? కొండలు విరిగిపడే ఊళ్ళన్నిటికీ ఇది ప్రాణదానం! ఎగిరి గంతెయ్యక అలా నిలబడతావేం?"

హైమావతి కిటికీ వైపు చూస్తోంది. బయట నాలుగు రోజులుగా వాన. సముద్రంలో వాయుగుండం, ఏజెన్సీ కొండల్లో కుండపోత అని పొద్దున్నుంచీ రేడియో చెబుతూనే ఉంది. ఆ ఏజెన్సీలో, ఊటగెడ్డ అనే నలభై ఇళ్ళ ఊళ్ళో, ఆమె భర్త సింహాచలం బడి పంతులు. లిఖిత తండ్రి దగ్గరే ఉంటోంది. ఊరి నెత్తిన కొండ. కొండ మధ్యలో పెద్ద నల్లబండ. దాన్ని ఊరివాళ్ళు పలుకుబండ అంటారు.

ఆ బండ మీది బల్లులే ఇవి.

"షంషూ," అంది హైమావతి నెమ్మదిగా, "పలికేవి మగవే."

"అయితే?"

"మగవాటినన్నిటినీ నేను పట్టుకొచ్చేశాను."

శ్రావణంలో జరిగిన సంగతి అది. ఈ రకం బల్లుల తొడల లోపలివైపు సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు వరసగా ఉంటాయి. మగవాటికే ఉంటాయి. ఆ రంధ్రాలు లెక్కపెట్టే ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీస్తారు. ఒక్క మగబల్లిని చూపించి కొత్త జాతి అంటే శాస్త్రపత్రికవాళ్ళు మొహం మీదే నవ్వుతారు. పది కావాలి. ఒకటి బతికి ఉంటే ఇంకా మంచిది. అందుకని హైమావతి ముందు వాటి పలుకు రికార్డు చేసి, చిన్న స్పీకరు పెట్టెలో పెట్టి బండ మీద మోగించింది. తన జాగాలోకి ఇంకో మగది వచ్చిందనుకుని ప్రతి మగబల్లీ పౌరుషంగా పగుల్లోంచి బయటికొచ్చేది. వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టింది. ఈ పనిలో అందరూ చేసేదే.

మొదటిరోజు పెట్టె గంటసేపు ఆపకుండా మోగేసరికి, బండ పలికితే కొండ విరుగుతుందని నమ్మే కింద ఊరు ఊరంతా లేచింది. పిల్లల్నీ మేకల్నీ చంకనేసుకుని, ఊరి పక్కన పారే గెడ్డ దాటి, ఎదుటి కొండెక్కి మధ్యాహ్నం దాకా వానలో నిలబడ్డారు. విషయం తెలిసి హైమావతి పరుగున వెళ్ళి పెట్టె చూపించింది. అందరూ కడుపుబ్బ నవ్వారు. తనూ నవ్వింది. దైమతి అవ్వ ఒక్కతే నవ్వలేదు. అరవై వానాకాలాలు ఆ కొండ కింద చూసిన మనిషి ఆమె.

"పలికేవోటిని ఒగ్గెయ్యమ్మా," అంది. "పలకనివి ఎన్ని కావాలో పట్టుకో."

"అలాగే అవ్వా" అంది హైమావతి. అని, పలికేవాటినే పట్టింది. ఆవిడ మాట కూడా అమ్మ గోడ తట్టడం లాంటిదే అనుకుంది. నోటుపుస్తకంలో 'స్థానికుల మూఢనమ్మకం' అని ఒక్క ముక్క రాసుకుంది. పదకొండోది దొరికాక ఇంకేదీ బయటికి రాలేదు. పైన పగుళ్ళలో ఇంకా ఉంటాయిలే అనుకుంది. పదీ చచ్చి మందునీళ్ళ సీసాల్లోకి వెళ్ళాయి, కాళ్ళకి చీటీలతో. పదకొండోది ఇదిగో, ఇక్కడ.

ఊటగెడ్డలో ఫోను అందేది ఒక్క బడి నీళ్ళట్యాంకు దగ్గరే. నాలుగోసారికి సింహాచలం ఎత్తాడు.

"ఏమండీ, బల్లులు పలుకుతున్నాయా?"

"పొద్దున్నే అడగాల్సిన మాటేనా ఇది? పిల్ల దగ్గు తగ్గిందా అని అడుగుతావనుకున్నాను."

"అది తరవాత. ఈ వానకి ఒక్కసారైనా పలికాయా, లేదా?"

"లేదే. శ్రావణం తరవాత నేనసలు వినలేదు. గెడ్డ మోకాలి పైకి పొంగింది, అయినా బండ పలకలేదు కదా అని ఊరంతా నిశ్చింతగా ఉంది."

హైమావతి గబగబా అంతా చెప్పింది.

"ఇవాళే కొండ విరిగిపడుతుందని చెప్పగలవా?" అన్నాడు సింహాచలం.

"చెప్పలేను. పడదని కూడా చెప్పలేను. మీరు పిల్లని తీసుకుని..."

"పిల్లని ఒక్కదాన్నే ఎలా తెస్తాను హైమా? బళ్ళో అరవైమంది ఉన్నారు. ఈ గెడ్డ దాటించాలంటే ఊళ్ళో ప్రతి మగాడూ ఆడదీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడాలి. వాళ్ళు నమ్మకుండా నిలబడతారా? పోనీ, ఆ రికార్డు పంపించు, బడి మైకులో పెడతాను."

"పెడితే నవ్వుతారండీ. ఆ పెట్టె మాట ఇంక నమ్మేది లేదని దైమతి అవ్వ మీ ఎదురుగానే కదా అంది."

ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

షంషాద్ జీపు తాళాలు తీసుకుంది.

దారంతా హైమావతి ఒళ్ళో పెట్టె పెట్టుకుని, దాని కింద వేడినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. చలికి బిగుసుకుపోతే బల్లి పలకదు. ఘాటు రోడ్డులో ప్రతి మలుపులోనూ ఎర్రటి నీళ్ళు రోడ్డుకి అడ్డంగా పారుతున్నాయి. మూత సందులోంచి అది ఊపిరి తీస్తోందా లేదా అని నిమిషానికోసారి చూసుకుంది. ఏళ్ళ తరబడి బల్లుల్ని సీసాల్లో వేసిన చెయ్యి, ఒక్క బల్లి బతకాలని వేడిసీసాని పదే పదే తడిమి చూసుకోవడం ఆమెకే వింతగా ఉంది. లిఖిత పుట్టినప్పుడు ఆసుపత్రిలో కూడా ఇంత భయపడలేదు.

చివరి మూడు మైళ్ళూ నడవాల్సొచ్చింది. గెడ్డని తాడు పట్టుకుని దాటారు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. పెట్టె నెత్తిన పెట్టుకుంది హైమావతి. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి రెండు దాటింది.

ఊరు హాయిగా ఉంది. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. అరుగుల మీద బీడీలు, కబుర్లు. దైమతి అవ్వ ఇంట్లో కుంపటి చుట్టూ పిల్లలు మొక్కజొన్నపొత్తులు కాల్చుకుంటున్నారు. లిఖిత మూతినిండా మసితో పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! టిక్కయ్యని తెచ్చావా?"

కూతుర్ని గట్టిగా పొదువుకుంది కానీ ఆమె కళ్ళు కొండ మీదే ఉన్నాయి. వాన ముసుగులో బండ నల్లగా, కదలకుండా కనిపిస్తోంది. దాని కింద ఎప్పుడూ తేటగా ఉండే ఊట ఇవాళ చిక్కగా, కాఫీరంగులో పారుతోంది.

"ఏటమ్మా ఈ వానలో వొచ్చినావు?" అంది దైమతి అవ్వ.

"అవ్వా, అందరూ గెడ్డ దాటాలి. ఇప్పుడే."

"బండ పలకనేదు కదమ్మా. పలికితే నువ్వు సెప్పాలేటి, మేమే పోదుం."

"పలకడానికి అక్కడ ఎవరూ లేరవ్వా. అన్నిటినీ నేనే పట్టుకుపోయాను. ఉన్నవి ఆడవి. అవి పలకవు."

దైమతి అవ్వ చేతిలో పొత్తు కుంపట్లో పడింది.

"ఒగ్గెయ్యమన్నాను కదేటి."

"అన్నావు. నేను వినలేదు."

"మరి మళ్ళీ పెట్టె మోగిస్తావేటమ్మా?" అని అరుగు మీంచి ఒకాయన అన్నాడు. నలుగురు నవ్వారు. అప్పటికి బడి దగ్గర్నుంచి సింహాచలం వచ్చాడు; గెడ్డ దాటాలని పొద్దున్నుంచీ ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాడు కానీ, బల్లుల సంగతి మాత్రం బయటపెట్టలేకపోయాడు. "నవ్వకండి, వినండి" అని బతిమాలాడు. అయినా ఎవరూ లేవలేదు. వానలో అంత పొంగిన గెడ్డలోకి పిల్లల్ని దించమంటే ఎవరు లేస్తారు?

హైమావతి మూత తీసి బల్లిని చూపించింది. "ఇది పెట్టె కాదవ్వా. ప్రాణం ఉన్నది. మీ బండదే."

దైమతి అవ్వ వంగి చూసింది. బల్లి కళ్ళార్పకుండా ఆవిణ్ణి చూసింది. "పెట్టిలో పలికితే నాను నమ్మను," అంది ఆవిడ. "బండ మీన ఒగ్గు. అక్కడ పలికితే నమ్ముతాను."

ఆవిడతో పాటు పదిమంది కొండెక్కారు. మిగతా ఊరు కింద నిలబడి చూసింది. బండ దగ్గరికి వచ్చాక షంషాద్ హైమావతి మోచెయ్యి పట్టుకుంది.

"బతికున్న మగది ఇదొక్కటే హైమా. వదిలితే చేతికి రాదు. ఇది పోతే మనం చూసింది ఎవరికి చెప్పినా నమ్మరు. రేపు ఇంకో ఊరికి ఇదే అవసరమైతే?"

"రేపటి ఊరికి ఏం చెప్పాలో తెలీదే. ఈ ఊళ్ళో నా కూతురుంది."

బల్లి చల్లగా ఉంది. హైమావతి రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని దాని మీద వెచ్చగా ఊపిరి వదిలింది. తరవాత చేతులు బండకి ఆనించి తెరిచింది. అది తన చోటు గుర్తుపట్టినట్టు ఒక్క క్షణం ఆగి, తోక ఆడించి, సర్రున పగుల్లోకి జారిపోయింది.

అందరూ నిలబడ్డారు. వాన పడుతూనే ఉంది. అయిదు నిమిషాలు. పది. ఒకాయన తలగుడ్డ పిండుకుని, "ఇంటికాడ పనుందమ్మా" అని దిగడం మొదలెట్టాడు. అతని వెనక ఇంకో ఇద్దరు. పలకాలని మొక్కుకుంటోందా, పలక్కూడదని మొక్కుకుంటోందా, ఆమెకే తెలియడం లేదు. పలికితే కొండ కూలుతుంది. పలక్కపోతే ఈ మనుషులు కదలరు.

"ట్టక్."

దిగుతున్నవాళ్ళు ఆగారు.

"ట్టక్." కాసేపాగి, "ట్టక్... ట్టక్... ట్టక్." అంత చిన్న గొంతులోంచి అంత చప్పుడు ఎలా వస్తుందో! గాజుమూత కింద విన్నది ఇందులో పదో వంతు కూడా లేదు. బండంతా తోడు పలుకుతున్నట్టుంది.

దైమతి అవ్వ పిడికిలితో బండ మీద మూడుసార్లు కొట్టింది. ఊరివైపు తిరిగి పెట్టిన కేకకి కింద కుక్కలన్నీ మొరిగాయి. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. ఇళ్ళలోంచి పలుపుతాళ్ళు వచ్చాయి. గట్టివాళ్ళు గెడ్డలోకి దిగి చెయ్యీ చెయ్యీ పట్టుకున్నారు. "పిల్ల గుంటల్ని ముందు దాటించండి!" అని అవ్వ అరుస్తోంది. సింహాచలం పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి ఇస్తుంటే, వాళ్ళు చేతుల మీదుగా అవతలికి వెళుతున్నారు. లిఖిత వంతు పదిహేడోది. తన పిల్లని ముందు పంపలేదని హైమావతికి ఆ క్షణంలో మొగుడి మీద ఒళ్ళు మండిపోయింది. గెడ్డ మధ్యలో నడుంలోతు నీళ్ళలో నిలబడి, కూతుర్ని అందుకుని, పక్కనున్న షంషాద్ చేతులకి అందించి, తరవాతి పిల్లాణ్ణి అందుకుంది.

పరిశోధనశాలలో జానెడు రాయికి ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. మొత్తం కొండకి ఎంత పడుతుంది? గంటా? పూటా? లెక్క తెలిసినవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. ఆమె చెవులు పలుకు మీదే ఉన్నాయి. గెడ్డ హోరులో కూడా వినిపిస్తోంది, ఆపకుండా, ఇంకా ఇంకా తొందరగా.

పిల్లలయ్యారు. ముసలివాళ్ళయ్యారు. మేకలు సగం దాటాయి.

పలుకు ఆగింది.

"వదిలెయ్యండి!" అని హైమావతి గొంతు చించుకుంది. "మేకల్ని వదిలెయ్యండి! రెండు నిమిషాలే! రండి!"

ఒడ్డున ఉన్నవాళ్ళు నీళ్ళలోకి దూకారు. దైమతి అవ్వని సింహాచలం బుజాన వేసుకున్నాడు. ఒకరి జుట్టు ఒకరు, ఒకరి చీర ఒకరు పట్టుకుని పాకుతూ ఎదుటి గట్టెక్కారు. హైమావతి వెనక్కి తిరిగి చూసేసరికి కొండ మధ్యలో చెట్లు నిలువుగా నిలబడే కిందికి నడుస్తున్నాయి. తరవాత చప్పుడు వచ్చింది. అది చెవికి కాదు, కడుపుకి వినిపించింది. పలుకుబండ ఒక పక్కకి ఒరిగి, మెల్లగా బోర్లాపడి, ఊరి మీదికి దొర్లింది. లేచిన మట్టి, నీళ్ళు, ఆకులు సర్దుకునేసరికి అక్కడ బడి లేదు, అరుగులు లేవు, కుంపటి లేదు. ఎర్రటి మట్టి ఒక్కటే, ఇంకా కదులుతూ.

ఎవరూ ఏడవలేదు మొదట. సింహాచలం నిలబడి, చేతిలో పుస్తకం లేకుండా బడి హాజరు పిలిచాడు. ఒక్కొక్క పేరూ. "ప్రెజెంట్ సార్" అని తడిసిన గొంతులు ఒక్కొక్కటే పలికాయి. అరవైయో పేరు అయ్యాక, "లిఖితా" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను నాన్నా."

అప్పుడు ఏడ్చారు అందరూ.

సాయంత్రానికి ఎదుటి కొండ మీది రాతిచప్టా మీద ఊరంతా ముడుచుకుని కూర్చుంది. దారి తెగిపోయింది. రేపటిదాకా ఎవరూ రాలేరు. వాన కొంచెం తెరిపిచ్చి, మళ్ళీ అందుకుంది. లిఖిత తల్లి కొంగు లాగింది.

"టిక్కయ్య ఏడమ్మా?"

హైమావతి ఎర్రమట్టి వైపు చూసి, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

దైమతి అవ్వ తల పైకెత్తింది. ఆవిణ్ణి చూసి పక్కవాళ్ళూ ఎత్తారు. వాళ్ళ నెత్తిన ఇంకో కొండ ఉంది. నీళ్ళు కారుతూ, నల్లగా.

"ఇన్నాళ్ళూ ఆ బండ పలుకు ఇనే ఈ కొండెక్కీవోళ్ళమమ్మా," అంది అవ్వ. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "మరి ఈ కొండ సంగతి ఎవులు సెప్తారు?"

శ్రావణంలో హైమావతి ఈ కొండని ఎనిమిది రోజులు గాలించింది. ప్రతి పగులూ చూసింది. ఒక్క బల్లి కూడా దొరకలేదు. 'ఈ జాతి పలుకుబండ మీద తప్ప లోకంలో మరెక్కడా లేదు' అని వ్యాసంలో రాసుకుని, ఆ వాక్యాన్ని పదిసార్లు చదువుకుని మురిసిపోయింది. మిగతా పదీ విశాఖలో బీరువాలో ఉన్నాయి, తొడల మీది రంధ్రాలు లెక్కపెట్టించుకుని, నోళ్ళు మూసుకుని.

జవాబు కోసం ఊరంతా ఆమె వైపే చూస్తోంది. ఆమె కళ్ళజోడు తీసింది. తడిజుట్టు వెనక్కి తోసుకుని, చప్టా మీద బోర్లా పడుకుని, రాతికి చెవి ఆనించింది. లిఖిత కూడా వచ్చి పక్కనే పడుకుని చెవి పెట్టింది.

"ఏమైనా వినిపిస్తోందామ్మా?" అని గుసగుసగా అడిగింది లిఖిత.

"లేదమ్మా," అంది హైమావతి. "ఏమీ వినిపించడం లేదు."

అది మంచి కబురో చెడ్డ కబురో అక్కడ ఒక్కరికీ తెలియలేదు. ఆమె చెవి తియ్యలేదు. వాన పెద్దదైంది.